కళింగ యుద్ధం క్రీ.పూ. 261లోనా, 260లోనా? అదే ఏడాది మిగతా ప్రపంచంలో ఏం జరిగింది?

మీరు అడిగినవి రెండు. గ్రూప్స్ పరీక్షలకు చదివే పుస్తకాల్లో కళింగ యుద్ధానికి ఒకచోట క్రీ.పూ. 261 అని, ఇంకోచోట 260 అని ఉంది, ఏది నమ్మాలన్నది మొదటిది. సరిగ్గా అదే సమయంలో చైనాలోనూ రోమన్ల వైపూ పెద్ద యుద్ధాలు జరిగాయంటున్నారు, అది నిజమేనా, నిజమైతే వీళ్లలో ఒకరి సంగతి ఒకరికి తెలుసా అన్నది రెండోది.

ముందు సూటిగా జవాబు. క్రీ.పూ. 260లో చైనాలో చాంగ్‌పింగ్ యుద్ధం ముగిసింది. సిసిలీ ఉత్తర తీరాన మైలే దగ్గర రోమన్లు తమ తొలి పెద్ద నౌకా విజయం సాధించారు. ఈ రెండింటి సంవత్సరంపై తగాదా లేదు. సిరియాను ఏలే గ్రీకు రాజుకూ ఈజిప్టును ఏలే గ్రీకు రాజుకూ మధ్య రెండో సిరియా యుద్ధం మొదలైంది కూడా ఆ ఏడాది ప్రాంతంలోనే. కళింగ యుద్ధం మాత్రం ‘261 లేదా 260’. ఆ ‘లేదా’ను కొట్టేయగల ఆధారం ఇంతవరకు దొరకలేదు. ఇక ఒకరి సంగతి ఒకరికి తెలియడం గురించి: అశోకుడికి మధ్యధరా రాజులు పేరుపేరునా తెలుసు. చైనా యుద్ధం ఆయన చెవిన పడిందనడానికి ఏ ఆధారమూ లేదు.

ఇప్పుడు కాస్త వివరంగా. నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పినన్నాళ్లూ ఏటా ఒక తరగతి ఈ 260కే కేటాయించేవాడిని. బోర్డు మీద నిలువు గీతలు గీసి, ఒక్కో గడిలో ఒక్కో దేశం రాసి, ఒకే ఒక్క సంవత్సరాన్ని అడ్డంగా చదివించడం. రాజవంశాల వరుసలు వల్లెవేసే పిల్లలకు ఇది కొత్తగా ఉండేది. అసలు చిక్కు మనదేశం గడి దగ్గరే వచ్చేది.

అశోకుడు తన శాసనాల్లో ఏ శకమూ వాడలేదు. తన పట్టాభిషేకం నుంచి లెక్క చెబుతాడు, అంతే. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగాన్ని జయించానని 13వ శిలాశాసనం మొదలవుతుంది. ఆ పట్టాభిషేకం ఎప్పుడో తేలితే తప్ప యుద్ధం ఎప్పుడో తేలదు. సింహళ గాథలు బుద్ధ నిర్వాణం తర్వాత 218 ఏళ్లకు పట్టాభిషేకం అంటాయి. కానీ నిర్వాణ సంవత్సరం మీదే పండితులకు పడదు. అక్కడి నుంచి మెట్టు దిగలేం.

దారి చూపింది అదే 13వ శాసనంలోని ఐదు పేర్లు. తన ధర్మవిజయం ఎంత దూరం వెళ్లిందో చెబుతూ అశోకుడు ఆరు వందల యోజనాల దూరంలోని యవన (గ్రీకు) రాజు అంతియోకుణ్ణి, అతనికి ఆవల ఉన్న తురమాయ, అంతికిని, మక, అలికసుదర అనే నలుగురు రాజులను పేర్కొన్నాడు. వీళ్లు సిరియాను ఏలిన రెండో ఆంటియోకస్, ఈజిప్టును ఏలిన రెండో టాలమీ, మాసిడోనియా రాజు ఆంటిగోనస్ గోనాటస్, ఉత్తర ఆఫ్రికాలోని సిరీన్‌ను ఏలిన మాగస్, వాయవ్య గ్రీసులోని ఎపిరస్ రాజు అలెగ్జాండర్. ఆఖరి ఆయన ఎపిరస్ వాడా, కోరింత్ వాడా అన్న చర్చ ఇంకా ఉంది.

ఈ ఐదుగురూ ఒకేసారి గద్దె మీద ఉన్న కాలం చాలా కొద్దిది. రెండో ఆంటియోకస్ రాజైంది 261లో. మాగస్ చనిపోయింది 250 ప్రాంతంలో. ఎపిరస్ అలెగ్జాండర్ అంతకు ముందే, 255 ప్రాంతంలో పోయాడు. అశోకుడి పెద్ద శిలాశాసనాల్లో పట్టాభిషేకమైన పన్నెండో, పదమూడో ఏడాది ప్రస్తావనలు ఉన్నాయి. ఇవన్నీ పక్కపక్కన పెట్టి వెనక్కి లెక్కిస్తే పట్టాభిషేకం 269–268 ప్రాంతానికి వస్తుంది. దాని నుంచి ఎనిమిదేళ్లు ముందుకు నడిస్తే 261–260.

ఇంతకంటే బిగించడం ఎందుకు కుదరదంటే, ‘ఎనిమిదేళ్లు’ అంటే ఎనిమిది నిండాయా, ఎనిమిదోది నడుస్తోందా అన్నది ఒక సందేహం. ఆయన ఏడాది మన జనవరితో మొదలు కాదు గనుక ఒక రాజ్యసంవత్సరం మన లెక్కలో రెండు సంవత్సరాల మీద పడుతుంది. పైగా ఎక్కడో ఎపిరస్‌లో రాజు పోతే ఆ కబురు పాటలీపుత్రం చేరేసరికి ఎన్నాళ్లు పట్టేదో. కాబట్టి మీ రెండు పుస్తకాల్లో ఏదీ అబద్ధం చెప్పడం లేదు. రెండూ కొంచెం ఎక్కువ ధీమాగా చెబుతున్నాయి.

ఇక్కడ ఒక మాట. కలియుగ లెక్కలతో అశోకుణ్ణి క్రీ.పూ. 15వ శతాబ్దానికి నెట్టే పుస్తకాలు తెలుగులో ఉన్నాయి. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వాటిని ఉటంకిస్తారు. ఒక పేరు పోలితే కాకతాళీయం అనవచ్చు. ఐదు పేర్లు, ఐదుగురూ యవన రాజులే, ఐదుగురూ సమకాలికులే అయి కూర్చున్న చోటును పన్నెండు వందల ఏళ్లు వెనక్కి జరపాలంటే అక్కడ ఇంకో ఐదుగురిని చూపించాలి. ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

మనకు దగ్గరి విషయం ఒకటి. ఆ 13వ శాసనంలోనే అశోకుడి ధర్మాన్ని అనుసరించే వారి జాబితాలో ఆంధ్రుల పేరు ఉంది, పుళిందుల పేరు పక్కన. అంటే సిరియా, ఈజిప్టు రాజులూ ఆంధ్రులూ ఒకే శాసనంలో, కొద్ది పంక్తుల తేడాలో కనిపిస్తారు. పాఠం బాగా నిలిచింది నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో, ఖరోష్ఠి లిపిలో. పద్నాలుగు శాసనాలూ చెక్కిన బండలు మనకూ ఉన్నాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో. వీలైతే పొద్దున్నే వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడినప్పుడే గీతలు తేలి కనిపిస్తాయి, నడినెత్తికి వచ్చాక బండంతా ఒకటే రంగు. అక్కడి లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. బ్రాహ్మీ నేర్చుకుంటున్న పిల్లలను తీసుకెళ్తే రెండో పంక్తి దగ్గరే గుటకలు మింగేవాళ్లు.

జవాబు పత్రాల్లో పదే పదే కనిపించే తప్పు కూడా చెబుతాను. ‘అశోకుడు తన పశ్చాత్తాపాన్ని యుద్ధం జరిగిన ధౌళిలో శాసనంగా చెక్కించాడు’ అని రాస్తారు. ధౌళిలో ఆ శాసనం లేదు. కళింగంలోని ధౌళి, జౌగడ రెండు చోట్లా 11, 12, 13 శాసనాలు వదిలేసి, వాటి బదులు ‘ప్రజలందరూ నా బిడ్డలు’ అని అధికారులకు చెప్పే రెండు ప్రత్యేక శాసనాలు వేయించాడు. ఇన్ని లక్షల మందిని చంపాను, తరలించాను అన్న లెక్క ఓడిన జనం కళ్ల ముందు పెట్టలేదు. మిగతా దేశానికి చెప్పాడు. అది మొహమాటమా, రాజనీతా అన్నది మీరే ఆలోచించుకోండి. నా వరకు నేను రెండోదే అంటాను.

సరే, చైనా గడికి వద్దాం. అక్కడ సంగతులు దండిగా ఉన్నాయి.

అప్పటికి చైనా ఒక దేశం కాదు. ఏడు పెద్ద రాజ్యాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్న కాలం. పడమటి చిన్ రాజ్యం హాన్ రాజ్యాన్ని కోసుకుంటూ వచ్చి షాంగ్‌దాంగ్ అనే కొండ ప్రాంతాన్ని మిగతా దేశం నుంచి విడదీసింది. అక్కడి వాళ్లు చిన్‌కు లొంగకుండా 262లో ఆ ప్రాంతాన్ని జావ్ రాజ్యం చేతిలో పెట్టారు. ఉచితంగా వచ్చిన భూమిని జావ్ రాజు కాదనలేదు. గొడవ అక్కడ మొదలైంది.

జావ్ సేనాని లియన్ పో ముసలివాడు, నెమ్మదస్తుడు. చాంగ్‌పింగ్ దగ్గర గోడలు కట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. దూరం నుంచి తిండిగింజలు మోయించుకోవాల్సిన చిన్ సైన్యం ముందు అలసిపోతుందని ఆయన లెక్క. చిన్ వాళ్లు జావ్ రాజధానిలో డబ్బు వెదజల్లి, ‘మేం భయపడేది జావ్ క్వో అనే కుర్రవాడికే’ అని పుకారు పుట్టించారు. రాజు ఆ పుకారు నమ్మి సేనానిని మార్చాడు. జావ్ క్వో పేరున్న సేనాని కొడుకు, యుద్ధశాస్త్రం నోటికి వచ్చినవాడు.

అతన్ని పంపవద్దని రాజుకు చెప్పింది స్వయంగా అతని తల్లి. రాజు ఇచ్చిన బహుమానాలను తన భర్త సైనికులకే పంచేవాడని, కొడుకు మాత్రం బంగారం, పట్టు ఇంటికి తెచ్చి దాచి, ఎక్కడ పొలాలు, ఇళ్లు చవగ్గా వస్తాయా అని రోజూ చూస్తాడని ఆమె ఫిర్యాదు. రాజు వినలేదు. అయితే వాడు ఓడితే ఆ శిక్ష మా మీదకు రాకూడదని మాట తీసుకుంది. ఆ తర్వాత ఆ మాటే ఆమెను కాపాడింది.

ఇటు చిన్ కూడా రహస్యంగా సేనానిని మార్చింది. బై చీ అనే వాణ్ణి కొత్త సేనానిగా పంపి, ఈ సంగతి బయటపెట్టినవాడికి మరణశిక్ష అని ప్రకటించింది. జావ్ క్వో గోడలు దాటి వచ్చి దాడి చేశాడు. చిన్ సైన్యం ఓడినట్టు వెనక్కి జరిగింది. ఇంతలో 25,000 మంది వెనుక దారి మూసేశారు, 5,000 మంది గుర్రపు దళం మధ్యలోకి చొరబడింది. చిన్ రాజు తానే హెనై ప్రాంతానికి వెళ్లి, జనానికి ఒక హోదా పెంచి, 15 ఏళ్లు దాటిన మగవాళ్లందరినీ చాంగ్‌పింగ్‌కు తోలాడు, జావ్‌కు సాయం గానీ తిండి గానీ చేరకుండా. నలభై ఆరు రోజులు జావ్ సైన్యానికి మెతుకు లేదు. జావ్ క్వో బాణం దెబ్బకు పోయాడు. మిగిలినవాళ్లు లొంగిపోయారు. వాళ్లలో 240 మంది పిల్లవాళ్లను మాత్రం కబురు చెప్పడానికి ఇంటికి పంపి, మిగతావాళ్లందరినీ బై చీ చంపించాడు. చరిత్రకారుడు సిమా చియన్ జావ్ నష్టం మొత్తం 4,50,000 అని రాశాడు.

ఈ అంకెను యథాతథంగా వాడకండి. సిమా చియన్ రాసింది యుద్ధమైన దాదాపు నూట యాభై ఏళ్ల తర్వాత. 1995లో షాన్షీ రాష్ట్రం గావ్‌పింగ్ దగ్గర యొంగ్లూ గ్రామంలో ఒక గొయ్యి తవ్వితే నూరు మందికి పైగా ఎముకలు బయటపడ్డాయి. చాలామందికి దెబ్బల గుర్తులు ఉన్నాయి, అంటే వాళ్లను చంపి పాతారు. ‘నాలుగు లక్షల మందిని బతికుండగానే పాతిపెట్టారు’ అని పరీక్షలో రాసేవాళ్లు ఇది గమనించాలి. ఊచకోత జరిగింది, అది మాత్రం గట్టిది.

చాంగ్‌పింగ్ గురించి నాకు బాగా ఇష్టమైన ఆధారం సిమా చియన్ కాదు. 1975లో హుబే రాష్ట్రం షుయిహుదిలో ఒక సమాధి తవ్వారు. అందులో షీ అనే చిన్న స్థాయి చిన్ అధికారి ఉన్నాడు. ఆయనతో పాటు పెట్టిన వెదురు బద్దల మీద ఏడాదికో పంక్తి చొప్పున సంవత్సరాల పట్టీ ఉంది. చిన్ రాజు జావ్‌షియాంగ్ 47వ ఏడాది, అంటే మన 260 దగ్గర, రాసింది ఇంతే: చాంగ్‌పింగ్ మీద దాడి, పదకొండో నెలలో గాన్ పుట్టాడు. గాన్ ఆ ఇంటి బిడ్డ. మన పెద్దవాళ్లు పంచాంగం అంచున ‘ఇవాళ రెండోవాడు పుట్టాడు’ అని రాసుకున్నట్టే. లక్షలమంది చచ్చిన యుద్ధం, ఇంట్లో పురుడు, రెండూ ఒకే పంక్తిలో. చనిపోయినవారి లెక్క అక్కడ లేదు.

అందుకే తరగతిలో నేను గీసిన పట్టికకు కింద ఇంకో వరుస చేర్చేవాడిని: ఈ సంగతి మనకు చెప్పిందెవరు, ఎన్నేళ్లకు చెప్పారు? అప్పుడు బోర్డు మీద వింత ఒకటి కనబడేది. చైనా తేదీ రాయిలా గట్టిది, కథంతా ఒకటిన్నర శతాబ్దం తర్వాతిది. రోమన్ తేదీ గట్టిది, కథ చెప్పిన గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ దాదాపు వందేళ్ల తర్వాతివాడు. కళింగ తేదీ వదులు, కానీ చెప్పింది ఆ యుద్ధం చేసినవాడే, యుద్ధమైన నాలుగైదేళ్లకే. లక్ష మంది హతులు, లక్షా యాభై వేల మంది తరలింపు, అంతకు ఎన్నో రెట్లు ఇతర మరణాలు అని తనంతట తానే ఒప్పుకున్నాడు. ఆ అంకెలు గుండ్రంగా ఉన్నాయనే అనుమానం సరైనదే. కానీ గెలిచిన రాజు తన పాపాల లెక్కను తగ్గించకుండా చెక్కించడం ఆ కాలంలో ఇంకెక్కడా చూడం.

ఇక రోమన్ల వైపు త్వరగా ముగిస్తాను. సిసిలీ కోసం ఉత్తర ఆఫ్రికా తీరంలోని కార్తేజ్ నగర రాజ్యంతో మొదటి ప్యూనిక్ యుద్ధం 264లో మొదలైంది. కార్తేజ్ సముద్రపు శక్తి, రోమ్‌కు చెప్పుకోదగ్గ నౌకాదళమే లేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కార్తేజ్ ఓడను నమూనాగా పెట్టుకుని వంద క్విన్‌క్విరీమ్‌లు (పెద్ద యుద్ధనౌకలు), ఇరవై ట్రైరీమ్‌లు (వాటికంటే చిన్నవి) కట్టారు. ఓడలు తయారయ్యేలోగా తెడ్డు వేసేవాళ్లను ఒడ్డున బల్లల మీద కూర్చోబెట్టి అభ్యాసం చేయించారు. 260లో ఇద్దరు కాన్సల్‌లలో (రోమ్‌లో ఏటా ఎన్నికయ్యే అధిపతులు) ఒకడైన సిపియో ఆసినా ఉత్సాహంగా ముందు వెళ్లి సిసిలీకి ఉత్తరాన ఉన్న లిపారా దీవి రేవులో చిక్కి బందీ అయ్యాడు. రెండో కాన్సల్ గయస్ డుయిలియస్ మైలే దగ్గర గెలిచాడు.

గెలుపు రహస్యం ముందుభాగాన స్తంభానికి వేలాడే ఒక చెక్క వంతెన. 36 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, కొన కింద పెద్ద ఇనుప ముల్లు. శత్రువు ఓడ దగ్గరకు రాగానే దాన్ని వదిలేస్తే ముల్లు పలకలో దిగబడుతుంది, సైనికులు పరుగున ఆవలి ఓడ ఎక్కి కత్తులు దూస్తారు. నీటి మీది యుద్ధాన్ని నేల మీది యుద్ధంగా మార్చేశారు. కార్తేజ్ 130 ఓడల్లో 50 పోగొట్టుకుంది. డుయిలియస్‌కు రోమ్‌లో నౌకా విజయానికి తొలిసారి విజయయాత్ర జరిగింది. విందు నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు కాగడా పట్టేవాడు, పిల్లనగ్రోవి ఊదేవాడు వెంట నడిచే వాడుక ఆయనకుండేదని రోమన్ వక్త సిసెరో రాశాడు.

మైలేలో ఓడిన సేనాని పేరు హానిబాల్. ఏనుగులతో ఆల్ప్స్ దాటిన హానిబాల్ ఈయన కాదు. ఆయన పుట్టిందే 247లో. ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఇద్దర్నీ కలిపేసేవారు.

సిరియా యుద్ధం గురించి చెప్పుకోవడానికి తక్కువే ఉంది, ఆధారాలు చాలా పలుచన. గద్దె ఎక్కిన కొత్తలోనే ఆంటియోకస్, టాలమీతో తలపడ్డాడు. చివరకు 250ల మధ్యలో పోరు ఆగి, టాలమీ తన కూతురు బెరెనికేను అతనికిచ్చి పెళ్లి చేశాడు. యుద్ధం కంటే నాకు రుచించేది మన 260కి ఒక ఏడాది తర్వాతి పపైరస్ (నాటి ఈజిప్టు కాగితం) పత్రం. 259 నాటి టాలమీ ఆదాయ నిబంధనలవి. నువ్వులు, ఆముదం, కుసుమలు, అవిసెల సాగు మొదలుకొని గానుగ దాకా ఎవరు ఎంత ఆడించాలి, ఏ ధరకు అమ్మాలి అన్నదంతా రాజు గుప్పిట్లో ఉంది. యుద్ధాలకు డబ్బు ఎక్కడిదని అడిగే విద్యార్థికి ఆ నూనె లెక్కలు చూపిస్తే చాలు.

చివరగా మీ రెండో ప్రశ్న. అశోకుడి దూతలు యవన రాజ్యాలకు వెళ్లారని ఆయన శాసనమే చెబుతోంది. అటు నుంచి టాలమీ ఫిలడెల్ఫస్ (పైన చెప్పిన రెండో టాలమీయే) డయొనీసియస్ అనే దూతను ఇండియాకు పంపాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. 1958లో కాందహార్‌లో బయటపడ్డ అశోకుడి శాసనం గ్రీకు, అరామిక్ భాషల్లో ఉంది. పదేళ్లు నిండాక రాజు జనానికి ధర్మం చూపాడని, రాజు వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు ఆ పని మానేశారని అందులో ఉంది. ఇది కళింగ యుద్ధమైన ఒకటి రెండేళ్ల నాటి మాట. రోమ్, కార్తేజ్ పేర్లు మాత్రం ఆయన శాసనాల్లో ఎక్కడా లేవు.

చైనా వైపు తలుపు తెరుచుకోవడానికి ఇంకో శతాబ్దం పైనే పట్టింది. తర్వాతి కాలపు హాన్ వంశ చక్రవర్తి (పైన చెప్పిన హాన్ రాజ్యం వేరు) దూత జాంగ్ చియన్ 128 ప్రాంతంలో బాక్ట్రియా (నేటి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతం) చేరితే అక్కడి బజారులో నైరుతి చైనా వెదురు, బట్టలు కనిపించాయి. ఎక్కడివని అడిగితే షెందూ నుంచి, అంటే మన దేశం నుంచి, వర్తకులు తెచ్చారని చెప్పారు. సరుకు దూతల కంటే ముందే నడిచింది. కాబట్టి 260లో చాంగ్‌పింగ్ కబురు మగధకు వచ్చిందా అంటే రాలేదనే నా అభిప్రాయం.

పరీక్ష సంగతి. బిట్ ప్రశ్నలో 261 ఉంటే అదే గుర్తించండి, మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా ఉన్నది అదే. వర్ణనాత్మక జవాబులో ‘క్రీ.పూ. 261–260’ అని రాసి, పట్టాభిషేకం నుంచి ఎనిమిదేళ్ల లెక్కనూ ఐదుగురు యవన రాజులనూ ఒక్క వాక్యంలో చెప్పండి. దిద్దేవాళ్లకు మీరు చదివింది కనబడుతుంది. ఎన్నేళ్ల కిందట అని లెక్కించేటప్పుడు సున్నా సంవత్సరం లేదని మరవకండి: 2025 నుంచి చూస్తే 2025కు 260 కలిపి ఒకటి తీసేయాలి, 2284 ఏళ్లు. రోమన్ కాన్సల్ పదవి కూడా అప్పట్లో జనవరి 1న మొదలయ్యేది కాదు, కాబట్టి నెలల జోలికి వెళ్లకండి.

చాంగ్‌పింగ్ మరుసటి ఏడాది, 259లో, జావ్ రాజధాని హందాన్‌లో పుట్టిన పిల్లవాడే 221లో చైనా మొత్తానికి తొలి చక్రవర్తి అయ్యాడు. సరిగ్గా ఆ 221లోనే ఆల్ప్స్ దాటిన ఆ రెండో హానిబాల్ స్పెయిన్‌లో సేనాని అయ్యాడు. ఆ ఏడాది గురించి కావాలంటే విడిగా ప్రశ్న వేయండి, రాస్తాను.